గోడకెక్కని కొంగ

పగపట్టిన మనిషిని చూడగానే పోల్చుకోవచ్చంటారు. ఉత్త మాట. మన కళ్ళజోళ్ళావిడను చూస్తే పగ మాట దేవుడెరుగు, ఈవిడకు కోపమైనా వస్తుందా అనిపిస్తుంది. పైగా మతిమరుపు మనిషి. గొడుగు ఎక్కడ పెట్టిందో మరచిపోతుంది, పొయ్యి మీద పాలు మరచిపోతుంది, సొంత కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. ఒక్క మాట మాత్రం మరచిపోలేదు. ఏళ్ళు గడిచినా దాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చింది. ఒక చలికాలం పొద్దున అక్క మొగుడు నలుగురి ముందూ అన్న మాట అది. "నాకేం కనబడలేదు."

ఇంత చిన్న మాటకు ఇంత పగా అంటారేమో. అనండి, మీ నోరు మీ ఇష్టం. కానీ ఆవిడ దుకాణంలో ఒక పూట కూర్చున్నాక అనండి.

రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది ఆ దుకాణం. ఒక గోడకు ఫ్రేములు, ఇంకో గోడకు అద్దం. వెనక తెర, తెర వెనక కుర్చీ, కుర్చీ ఎదురుగా రెండువైపులా అక్షరాలున్న బోర్డు. ఒక పక్కన, నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతుంటే అద్దాలు సానబట్టే చక్రం. తండ్రి దగ్గర నేర్చుకున్న పని, తండ్రి పోయాక తానే నడుపుకొస్తోంది. ఎదురింటి ముసలమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటోందంటే, లారీ డ్రైవరు క్షేమంగా ఇల్లు చేరుతున్నాడంటే ఈవిడ చేతి చలవే. చూపు అమ్ముకుని బతికే మనిషిని పట్టుకుని నీకే చూపు లేదంటే ఎలా ఉంటుందో చెప్పండి!

ఊరు దాటితే పల్లపు పొలాలు, పొలాలు దాటితే రెల్లు, రెల్లు దాటితే కనుచూపు మేర నీళ్ళు. చలి మొదలయ్యేసరికి ఎక్కడెక్కడి పిట్టలో అక్కడికి వచ్చి వాలతాయి. వాటిని చూడ్డానికి ఊళ్ళో ఒక సంఘం ఉంది. టైలరు, పంతులమ్మ, బ్రెడ్డు బట్టీ ఆయన, బోర్డులు రాసే పెయింటరు, ఇంకా అలాంటివాళ్ళే కొందరు. ఆదివారం తెల్లవారకముందే మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని గట్టు మీదికి బయలుదేరతారు. ఊళ్ళోవాళ్ళు వాళ్ళను పిట్టల పిచ్చాళ్ళంటారు. అననీ.

ఆ సంఘానికి ప్రాణం గ్రంథాలయం హాల్లో ఉన్న ఒక గోడ. ఈ నీళ్ళ మీద ఇంతకుముందెన్నడూ కనబడని పిట్ట ఒకటి కనబడితే, పెయింటరు దాని బొమ్మ గోడ మీద వేస్తాడు. కింద చూసినవాళ్ళ పేరు రాస్తాడు. దాన్నే గోడకెక్కడం అంటారు. చాలా చలికాలాలు ఒక్క పిట్టా ఎక్కకుండానే పోతాయి. గోడకెక్కాలని ఆ సంఘంలో కోరిక లేనివాళ్ళు లేరు, పైకి మాత్రం అందరూ మాకెందుకులెండి అంటారు.

సంఘానికి అధ్యక్షుడు ఆవిడ బావే. రిటైరైన సర్వేయరు. జీవితమంతా పొలాల్లో మూడుకాళ్ళ బల్ల నిలబెట్టి, దాని మీది గొట్టంలో కన్నుపెట్టి భూములు కొలిచినవాడు. మాటకారి, వేళాకోళం మనిషి. మరదలికి మొదటి బైనాక్యులర్ కొనిచ్చిందీ, నీటికోడికీ బుడబుంగకూ తేడా చెప్పిందీ ఆయనే. "మా మరదలి కన్ను డేగకన్నురా" అని అందరితో గొప్పలు పోయేవాడు. కాబట్టే అంత మండింది. పరాయివాడు చెంపదెబ్బ కొడితే చెంపే మండుతుంది. మనవాడు కొడితే కడుపు మండుతుంది.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. మిగతావాళ్ళు గట్టు దిగి టీబండి దగ్గరికి వెళ్ళారు. ఆవిడా బావా మాత్రమే రెల్లు దగ్గర నిలబడ్డారు. ఉన్నట్టుండి రెల్లులో ఒక దుబ్బు కళ్ళు తిప్పింది. రెల్లుకొంగ! ఒళ్ళంతా ఎండుగడ్డి రంగు చారలు, ముక్కు ఆకాశంవైపు ఎత్తి గాలికి రెల్లుతోపాటు ఊగుతోంది. పుస్తకాల్లో చూడ్డమే తప్ప ఈ నీళ్ళ మీద ఎవరూ చూసింది లేదు. అదేమో రాయి విసిరితే తగిలేంత దగ్గర.

"బావా, అటు చూడండి! రెల్లుకొంగ! విరిగిన కాడ పక్కనే!"

బావ బైనాక్యులర్ ఎత్తాడు. సరిగ్గా ఆ కాడవైపే పెట్టాడు. చాలాసేపు చూశాడు. ఈలోగా మిగతావాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి పిట్ట రెల్లులోకి జారుకుంది. "ఏదీ? ఎక్కడ?" అన్నారందరూ. ఆవిడ బావవైపు చూసింది, చెప్పండి అన్నట్టు.

"నాకేం కనబడలేదు," అన్నాడు బావ.

అంతటితో ఊరుకున్నాడా? ఆ సాయంత్రమే హాల్లో లేచి నిలబడి కొత్త నియమం పెట్టాడు. ఇకనుంచి రెండు జతల కళ్ళు చూస్తేనే పిట్ట గోడకెక్కాలట. ఇద్దరూ ఒకరినొకరు అడక్కుండా విడివిడిగా సాక్ష్యం చెప్పాలట. అందరూ భేష్ అన్నారు. పెయింటరు కలిపిన రంగుకు మూతపెట్టేశాడు.

ఇక చూడండి ఊరి తమాషా. "కళ్ళజోళ్ళమ్మకు కళ్ళజోడు ఎవరు పెట్టాలి?" అని టైలరు మొదలుపెట్టాడు. "రెల్లు చూసి కొంగంది, రేపు నన్ను చూసి ఏమంటుందో" అని బ్రెడ్డు బట్టీ ఆయన అందుకున్నాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వుతూనే అయినా, "నంబరు సరిగ్గా చూశారా అమ్మా?" అని రెండోసారి అడగడం మొదలుపెట్టారు. తండ్రి ఉన్న రోజుల్లో ఆ మాట ఎవరూ అడిగి ఎరగరు. పుండు మీద కారంలా ఇంకొకటి. బావ తన కళ్ళజోడు పక్క ఊళ్ళో చేయించుకునేవాడు. మరదలి దుకాణం వీధి మలుపులో ఉండగా బస్సెక్కి వెళ్ళి మరీ! ముందు ఆవిడ పట్టించుకోలేదు. ఇప్పుడదీ లెక్కలోకి చేరింది.

బావ ఆ కొంగను చూశాడు. చూసీ చూడలేదన్నాడు. తన పేరు గోడకెక్కకముందే మరదలి పేరు ఎక్కుతుందన్న కుళ్ళుతో అన్నాడు. ఇదీ ఆవిడ తీర్పు. దానిమీద అప్పీలు లేదు.

అప్పటినుంచి చేతనైన చిన్నా చితకా కచ్చలన్నీ తీర్చుకుంటూనే ఉంది. అక్కా బావా ఇంటికొస్తే అంచు విరిగిన కప్పు ఎప్పుడూ బావ ముందుకే వెళ్ళేది. గట్టు మీద ఆయన "అదిగో బాతు" అంటే, "బాతు కాదు బావా, తేలుతున్న చెప్పు" అని అందరికీ వినబడేలా అనేది. ఒక్కోసారి అది నిజంగా చెప్పే అయ్యేది. ఆ పూట ఆవిడకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది. కానీ ఇవన్నీ ఈగల్ని తోలడం లాంటివి. అసలు దెబ్బ కోసం ఆవిడ ఓపిగ్గా కాచుకుని కూర్చుంది.

ఈ చలికాలం అది దానంతటదే కాళ్ళ దగ్గరికొచ్చి పడింది.

మిగతావాళ్ళు ఎప్పటిలాగే టీబండి దగ్గర. గట్టు మలుపులో మళ్ళీ ఆ ఇద్దరే. ఎండ అప్పుడప్పుడే కాస్తోంది. నీళ్ళ మీదినుంచి ఒక పెద్ద పిట్ట రెక్కలు బార్లా చాపి, నిదానంగా, వాళ్ళ నెత్తిమీదుగా వచ్చింది. నల్లకొంగ. మెడా వీపూ కాటుక నలుపు, ఎండ తగిలినచోట ఆకుపచ్చ మెరుపు, పొట్ట తెలుపు, ముక్కూ కాళ్ళూ ఎరుపు. ఎంత తీరిగ్గా వెళ్ళిందంటే ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. బావ జీవితమంతా ఎదురుచూసిన పిట్ట అది. దాని బొమ్మ కత్తిరించి పడకగది తలుపుకు అంటించుకున్నాడు పాపం.

ఆయన బైనాక్యులర్ దించాడు. నియమం తనే పెట్టాడు కదా, పిట్ట పేరు పైకి అనకూడదు. "ఏం చూశావు?" అని మాత్రం అడిగాడు.

ఆవిడ తీరిగ్గా కళ్ళజోడు తీసింది, కొంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడాలి. ఆ ఆనందం గబుక్కున మింగెయ్యకూడదు.

"నాకేం కనబడలేదు బావా."

అరుస్తాడనుకుంది. అబద్ధాలకోరా అంటాడనుకుంది. అంటే ఏం జవాబు చెప్పాలో ఏళ్ళుగా వల్లెవేసుకుని ఉంచింది. ఆయన అరవలేదు. మొహంలో నెత్తుటిచుక్క లేదు. "పెద్దది... నల్లగా... ఇలా మన మీదుగానే..." అని చెయ్యి గాల్లో ఆడించాడు. "ఏమీ లేదా?"

"ఆకాశం ఖాళీగా ఉంది బావా," అంది ఆవిడ.

ఆయన సరేనన్నట్టు తలూపి, గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

ఆ రోజు ఆవిడ సంబరం చూడాల్సిందే! సానచక్రం దగ్గర కూనిరాగాలు తీసింది. బేరమాడిన మనిషికి అడక్కుండానే తగ్గించి ఇచ్చింది. రాత్రి పడుకుని, "ఆకాశం ఖాళీగా ఉంది" అని మళ్ళీ ఒకసారి అనుకుని, దుప్పటిలో నవ్వుకుంది.

కొన్నాళ్ళకు అక్క దుకాణానికి వచ్చింది. సంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"ఏమే, మీ బావకేమైందో నీకేమైనా తెలుసా? ఆ బైనాక్యులర్ పెట్టెలో పెట్టి తాళం వేశాడే. తలుపు మీది బొమ్మ చింపేశాడు. ఆదివారం వస్తే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు."

"పోనీలే అక్కా, చలికి ముసుగుతన్ని పడుకోవడం మంచిదేగా," అంది ఈవిడ. లోపల తీపి.

"అదొక్కటే అయితే నేనెందుకొస్తానే? కళ్ళు మూసుకుని, గోడ పట్టుకుని, వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. స్టూలు తగిలి పడ్డాడు కూడా. ఇదేమిటయ్యా అంటే, ఆటలే, నీకెందుకంటాడు. ఈ వయసులో ఆ మనిషికి దాగుడుమూతలేమిటే?"

ఆవిడకు నవ్వు సగంలో ఆగింది. ఎందుకాగిందో అప్పటికి ఆవిడకే తెలియదు.

ఆ మర్నాడు దుకాణం మూసే వేళకు బావే వచ్చాడు. అన్నేళ్ళలో ఆ గడప తొక్కి కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. తెర సరిగ్గా మూసుకుందో లేదో రెండుసార్లు చూశాడు.

"నా కుడికన్ను కాస్త చూడు," అన్నాడు. "కుడిది చాలు."

"రెండూ చూడకుండా పరీక్ష ఏమిటి బావా? మీ పక్క ఊరివాళ్ళు అలాగే చూస్తారా?" అంది ఆవిడ, దెప్పడం మానకుండా.

ఆవిడ ఆయన ఎడమకన్ను మీద, చూపు మూసే డొప్ప పెట్టింది. కుడికన్నుతో పై వరస నుంచి అట్టడుగు వరస దాకా, చీమకాళ్ళంత అక్షరాలు కూడా, గడగడా చదివేశాడు. అద్దం మార్చాల్సిన పనే లేదు. డొప్ప కుడికన్ను మీదికి మార్చింది. ఎడమకన్నుతోనూ అంతే గడగడా చదివాడు. మరీ గడగడా చదివాడు. ఎంతోమందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి కదా, ఆవిడకు ఏదో తేడా కొట్టింది. చప్పుడు కాకుండా బోర్డును రెండోవైపు తిప్పి, "మళ్ళీ చదవండి బావా," అంది.

ఆయన ఇందాకటి అక్షరాలే చదివాడు. మొదటినుంచి చివరిదాకా, ఒక్కటీ పొల్లుపోకుండా, అక్కడ లేని అక్షరాలు.

ఆవిడ చేతిలో డొప్ప అలాగే ఉండిపోయింది. "బావా, ఈ కన్నుకు బోర్డు అసలు కనబడుతోందా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా మెల్లిగా అన్నాడు. "గోడ తెల్లగా ఉందని తెలుస్తుంది. అంతే. పుట్టినప్పటినుంచీ అంతే."

"పుట్టినప్పటినుంచా? మరి ఉద్యోగం?"

"ఉద్యోగం పరీక్షలోనూ ఇలాగే కంఠతా పట్టి చదివా. సర్వేయరుకు ఒక కన్ను చాలు మరదలా, గొట్టంలో రెండు కళ్ళూ పెట్టరుగా. మీ అక్కకు కూడా తెలీదు. పెళ్ళప్పుడు చెబితే మీ నాన్న పిల్లనిచ్చేవాడా? కళ్ళజోళ్ళాయన కూతురు, ఒంటికన్ను అల్లుడు!" నవ్వబోయాడు, రాలేదు. "నీ దుకాణానికి ఎలా వస్తాను చెప్పు. కూర్చున్న మరుక్షణం పట్టేస్తావు. ఇదిగో, పట్టేశావు. పక్క ఊరాయన పెద్దగా పట్టించుకోడు."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక సంగతి ఎక్కడినుంచో తన్నుకుంటూ పైకొచ్చింది. ఆ మంచురోజు పొద్దున బావ రుమాలు కంటికి అదుముకుని ఉన్నాడు. దారిలో పురుగు పడిందన్నాడు. టీకి కూడా వెళ్ళకుండా నిలబడిపోయాడు. రుమాలు ఏ కంటికి? కుడికంటికే. ఆ పిట్టకేసి బైనాక్యులర్ ఎత్తినప్పుడు కుడికన్ను మూసుకుపోయి, వాచి, నీళ్ళు కారుతోంది. అంతా ఆవిడ కళ్ళముందే ఉంది. చూసింది కూడా. పట్టించుకోలేదంతే.

"రెల్లుకొంగ రోజున..." అంది.

"మసక తప్ప ఏం కనబడలేదు మరదలా. చూడకుండా చూశానంటే అబద్ధం. చూడలేదంటే, అంత దగ్గర్లో ఉన్నది ఎందుకు చూడలేదంటారు. కన్ను సంగతి బయటపడుతుంది. అందుకని నియమం అడ్డుపెట్టుకున్నా. ఊళ్ళో నిన్ను నవ్వుతుంటే విన్నాను. విని ఊరుకున్నాను. నాదే తప్పు. నువ్వు చూశానంటే చూసే ఉంటావని నాకెప్పుడూ అనుమానం లేదు. కళ్ళ విషయంలో నువ్వు అబద్ధం చెప్పవు. అందుకే మొన్న భయమేసింది. ఈమధ్య కంట్లో నల్లటి మరకలు తేలుతున్నాయి. అంత పెద్ద పిట్ట నీకు కనబడకుండా నాకొక్కడికే కనబడిందంటే, అది పిట్ట కాదు, మరకే అన్నమాట. ఉన్న ఒక్క కన్నూ పోతోందన్నమాట. చీకట్లో ఇల్లంతా తిరగడం ఇప్పట్నుంచే నేర్చుకుందామని గోడలు పట్టుకుంటున్నా."

ఛీ, ఎంత పని చేసింది! అబద్ధమని తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నమ్మాడు. ఊరంతా నమ్మని ఆవిడ చూపును నమ్మినవాడు ఆయనొక్కడే, ఆ నమ్మకంతోనే ఆయన్ను దెబ్బతీసింది.

"మరకలు వయసుకు చాలామందికి వస్తాయి, డాక్టరుకు ఒకసారి చూపించండి. మీ కుడికన్ను బంగారంలా ఉంది బావా," అంది. ఇక దాచి లాభం లేదు. "నల్లకొంగ నిజమే. నేనూ చూశాను. ఎర్రముక్కు, తెల్లపొట్ట, అన్నీ చూశాను. కావాలనే చూడలేదన్నాను."

బావ ఆవిడకేసి చూశాడు. లేచాడు. తెర దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండా అన్నాడు.

"స్టూలు తగిలి పడ్డప్పుడు మోకాలు చిట్లింది, తెలుసా? ఆదివారం హాల్లో ఆ మాట అందరి ముందూ చెబుతావా?"

"చెబుతాను."

"నా ఎడమకన్ను సంగతి?"

"చచ్చినా చెప్పను."

ఆదివారం హాల్లో అందరూ కూర్చున్నాక ఆవిడ లేచింది. నల్లకొంగ వచ్చిందనీ, బావతోపాటు తానూ చూసిందనీ, పాత కక్షతో అబద్ధం చెప్పిందనీ ఉన్నదున్నట్టు చెప్పింది. పంతులమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు బ్రెడ్డు బట్టీ ఆయన కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు.

"ఓహో! చూసింది చూడలేదన్నావంటే, చూడనిది చూశాననడం నీకొక లెక్కా తల్లీ? అప్పటి రెల్లుకొంగ కథ ఇప్పుడర్థమైంది!"

గొల్లుమన్నారందరూ. టైలరైతే తొడలు కొట్టుకుని మరీ నవ్వాడు.

ఆవిడ బావవైపు చూసింది. ఆ రోజు నా కన్ను మూసుకుపోయింది, ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది అని ఒక్క ముక్క అంటే చాలు. ఎడమకన్ను ఊసెత్తకుండానే అనొచ్చు. పురుగు పడిందంటే సరిపోతుంది, ఇన్నేళ్ళ తర్వాత రెండో కన్నేమైందని ఎవరూ అడగరు. ఆయన కళ్ళజోడు తీశాడు. రుమాలుతో ఎడమవైపు అద్దాన్నే, ఆ పనికిరాని కంటి అద్దాన్నే, శ్రద్ధగా తుడిచాడు. పెట్టుకున్నాడు. సరాసరి ఆవిడ మొహంలోకి చూస్తూ అన్నాడు.

"అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నా. ఆ రోజు నాకేం కనబడలేదు."

అది నిజం. అక్షరాలా నిజం. అది నిజమని ఆ హాల్లో ఇంకొక్కరికే తెలుసు, ఆ ఒక్కరికీ నోరు విప్పే దారి లేదు. చెప్పనని మాటిచ్చి వచ్చింది. చెప్పినా, అబద్ధమాడానని ఇప్పుడే ఒప్పుకున్న మనిషి మాట ఎవరు వింటారు?

పెయింటరు నిచ్చెన వేశాడు. సాయంత్రానికి నల్లకొంగ రెక్కలు చాపి గోడకెక్కింది. ఎర్రముక్కు కుదిరింది, పొట్ట మాత్రం కాస్త లావైంది. కింద బావ పేరు రాశాడు. నియమం నియమమే కాబట్టి, రెండో జత కళ్ళ పేరూ రాయాలి. ఎన్నో చలికాలాలుగా ఆవిడ కలగన్న గోడ మీద, తాను లేదని బొంకిన పిట్ట కింద, బావ పేరు కింద, ఆవిడ పేరు మొదటి అక్షరం పడింది.

వెనకనుంచి బావ గొంతు వినబడింది. పాత వేళాకోళం గొంతే.

"మా మరదలి పేరు కాస్త పెద్దగా రాయవోయ్. నాకు కనబడాలిగా!"

అందరూ పడీ పడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నిచ్చెన కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, పేరు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది.